గోడమీది చిన్న గది

చదువవలసిన భాగములు: 2 రాజులు 4:8–37, లూకా 14:28–30



నర్సీపట్నము చుట్టుపట్ల గ్రామములలో నేటికిని పాత పెంకుటిండ్లున్నవి. వాటిలో అటక యుండును. చింతపండు కుండలు, విత్తనపు మూటలు, పాత ఇత్తడి బిందెలు అన్నియు అక్కడికే చేరును. కుమారునికి పెండ్లి కుదిరినప్పుడు ఇంటిలో చోటు చాలదు. అప్పుడు యజమాని తలయెత్తి చూచి, "ఈ అటకను గదిగా మార్చుకొందము" అనును. మంచి ఆలోచనయే. అయితే ఆ గది ఎవరి కొరకు?

షూనేమీయురాలు కూడ ఇట్టి ఆలోచన చేసెను. ఆమె తనంతట తాను పని మొదలుపెట్టక భర్తతో చెప్పెను. కోరినది రాజమందిరము కాదు. గోడమీద ఒక చిన్న గది. అందులో మంచము, బల్ల, పీట, దీపస్తంభము. ఎవరు వచ్చునో, వారికి ఏమి కావలెనో ముందుగా తలంచి గది కోరెను. ఇది మనకు మొదటి పాఠము.

రెండవది, లెక్క చూచుకొనుట. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని ప్రభువు బోధించెను. అటక సామానుల కొరకు వేసినదే గాని కాపురము కొరకు కాదు. దూలములకు చెద పట్టినదా? మట్టిగోడ పైబరువు మోయునా? నిలువబడుటకు ఎత్తు చాలునా? వేసవిలో పెంకుల క్రింద వేడి పోవుటకు కిటికీ యేది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన తీరమును తాకినప్పుడు గాలి బలమెంతో చూచితిమి గదా. కాబట్టి వడ్రంగికిని తాపీమేస్త్రికిని చూపించుడి. పంచాయతీ గాని పురపాలక సంఘము గాని ఇచ్చు అనుమతి పొందుడి. అప్పు మీద అప్పు చేయకుడి. పొరుగువానికి కూలి ఇయ్యక మేడగదులు కట్టువానికి శ్రమయని యిర్మీయా 22వ అధ్యాయము హెచ్చరించుచున్నది. ఇంటి కప్పునకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:8 ఆజ్ఞాపించుచున్నది. త్రోయలో కిటికీలో కూర్చున్న ఐతుకు మూడవ అంతస్తునుండి పడెను. మెట్లకు చేతికఱ్ఱ పెట్టకుండ పిల్లలను పైకి పంపకుడి.

మూడవది ముఖ్యమైనది. కొన్ని యిండ్లలో గది సిద్ధమైన పిమ్మట, "క్రింది గది క్రొత్త దంపతులకు ఇచ్చి, అమ్మను పైకి పంపుదము" అందురు. ఆమె మోకాళ్లు మెట్లెక్కలేవు. అయినను, "నాకేమి నాయనా, ఎక్కడనైన పడియుందును" అనును. ఆ మాట విని సంతోషింపకుడి. అది సమ్మతి కాదు. మీకు భారమగుదునేమో యను భయము. తలిదండ్రులకు ప్రత్యుపకారము చేయుట మొదట ఇంటివద్దనే నేర్చుకొనవలెనని పౌలు తిమోతికి వ్రాసెను. కాళ్లలో సత్తువ గలవారు పైకి పోవుదురు గాక; తల్లి మంచము వాకిలికి దగ్గరగా, ఆమె నలుగురిని చూచు చోటనే యుండనిండు. చింతపల్లి కొండమీదినుండి నర్సీపట్నము ఆసుపత్రికి వచ్చిన బంధువునకు ఒక రాత్రి పడక కూడ ఆ లెక్కలో చేర్చుడి.

షూనేమీయురాలు ప్రవక్తను ప్రతిఫలమేమియు అడుగలేదు. అయినను దేవుడామెకు కుమారుని ననుగ్రహించెను. ఆ బాలుడు చనిపోయినప్పుడు ఆమె వానిని ఎక్కడ పరుండబెట్టెనో జ్ఞాపకము చేసికొనుడి: తాను ఎలీషా కొరకు సిద్ధపరచిన మంచముమీదనే. ఆ గదిలోనే వాడు తిరిగి కన్నులు తెరచెను. ఇతరుల కొరకు సిద్ధపరచిన గదిలో ఆమె తన బిడ్డను మరల పొందెను.

కాబట్టి కొలతలు వేయకమునుపు ఇంటివారందరు కూర్చుండి ప్రార్థింపుడి. తల్లిని కూడ నడుమ కూర్చుండబెట్టి, ఆమెను అడుగుడి.

ప్రార్థన: ప్రభువా, మా యిల్లు విశాలము చేయకమునుపు మా హృదయములను విశాలము చేయుము. ఆమేన్.