వోటు వేసిన మఱునాఁడు

1952లో హైదరాబాదు రాష్ట్రప్రజలు వయోజన వోటుహక్కుతోఁ దొలి శాసనసభ నెన్నుకొనిరి. అంతకుముందు ఏలికను బ్రశ్నింపఁజాలని రైతు ఆనాఁడు ఏలికల నెంచువాఁడయ్యెను. ఐనను వోటు వేయుటతోఁ దన విధి తీఱెనని తలంచుట భ్రమ. వోటు దానము కాదు. అయిదేండ్లకై యప్పగించిన న్యాసము. న్యాసమునకు లెక్క యడుగవలదా?

మన పేట్ బషీరాబాదు 2007లో కుత్బుల్లాపూరు పురపాలకముతోఁ గూడ మహానగరపాలక సంస్థయందుఁ గలిసెను. ఊరు పెద్దదైనకొలఁదిఁ బ్రతినిధి దూరమగును. అడుగు హక్కు మాత్రము దూరము కాదు. వీధికాలువకు వెచ్చించిన ధనమెంతయని 2005 నాఁటి సమాచారహక్కు చట్టముచే నడుగుఁడు. సాధారణముగా 30 దినములలో అధికారి బదులీయవలెను.

పెక్కుండ్రు కోరినదెల్ల న్యాయమనుటయు భ్రమయే. ఒంటరివాని కొఱకే రాజ్యాంగము ప్రాథమికహక్కులను శాసనసభలకు సైతము హద్దుగా నిలిపెను. కావునఁ బాలకుని నిందించుటకు ముందు, అడుగవలసినది అడిగితినా యని యెవరి యంతరాత్మను వారు విచారింపుఁడు.