పక్షులయెడ దయ యెట్టిది?

నౌపడ చిత్తడినేలలకు చేరువనున్న తేలినీలాపురమను గ్రామమునకు ఏటేట వర్షాకాలము ముగియు వేళ గూడబాతులును ఎర్రకాళ్ళ కొంగలును వచ్చి, ఇండ్లనడుమ చింతచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని, వేసవి ముదురకముందే మరలిపోవును. ఇవి సైబీరియానుండి వచ్చునని పెక్కండ్రు చెప్పుదురు. గాని యీ రెండు జాతులును దక్షిణాసియాకును దాని తూర్పు పొరుగుదేశములకును చెందినవే. మనము విదేశాతిథులని పిలుచునవి మన దేశమునందలివే యన్నమాట.

గ్రామస్థులు వీనికై యేమి చేయుచున్నారు? చెప్పుకొనదగినంత యేమియు లేదు. గూళ్ళున్న చెట్లను నరుకరు, రాళ్ళు రువ్వరు, రెట్టల కంపును మాసములతరబడి సహింతురు. పక్షులు రానియేడు ఊరికి కీడని వారి నమ్మిక. మేము మూఢవిశ్వాసములను సమర్థించువారము కాము. అయినను దీని ఫలమును కన్నులార చూచినపిమ్మట మా వాదము కొంత మెత్తబడినదని యొప్పుకొనవలయును.

పట్టణవాసులమైన మన దయ వేరుతెరంగునది. అది యేదేని చేసినగాని తృప్తినొందదు. సంతలో పంజరపు చిలుకను కొని విడిచి పుణ్యము వచ్చినదందుము. వేటకాడు ఆ సొమ్ము చూచుకొని మరి రెండింటికి ఉరి యొడ్డును. చిలుకలను పట్టి యమ్ముట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధమని యెరిగినవారే కొనుచుందురు. మేమును నిర్దోషులము కాము. ఒకప్పుడు మా తోటలో నేలనున్న గోరింకపిల్లను తల్లి విడిచినదని తలంచి, ఇంటికి తెచ్చి, దూదిలో నుంచి పాలు పట్టితిమి. ఎగురనేర్చు పిల్లకు తల్లి దాపుననుండియే మేత పెట్టుననియు, పాలు పక్షులకు అరుగవనియు మాకు తెలియదు. తెల్లవారునప్పటికి అది చచ్చిపోయెను. తల్లి గోరింక రెండు దినములు మా గోడపై నరచుచుండెను.

అట్లని ఊరకుండుటయే చాలునా? చాలదు. 2021వ సంవత్సరాంతమునను 2022 ఆరంభమునను తేలినీలాపురముననే నూటికి మించిన గూడబాతులు చనిపోయినవి. పరీక్షింపగా చేపలద్వారా సోకు నులిపురుగులు కారణమని తేలినది. గ్రామస్థుల ప్రేమ వానిని కాపాడలేకపోయెను. రాబందుల కథయు నిట్టిదే. పశువు నొప్పి చూడలేక రైతు డైక్లోఫెనాక్ వేయించెను; ఆ పశువు చచ్చినపిమ్మట కళేబరమును తిన్న రాబందుల మూత్రపిండములు చెడెను. 2006లో ప్రభుత్వము పశువులకై ఆ మందు తయారుచేయుటను నిషేధించువరకు ఎన్ని లక్షల పక్షులు నశించెనో! మా వృత్తియందు నేరవిచారణలో ఉద్దేశమును ప్రధానముగ చూతుము. రాబందుకు రైతు సదుద్దేశముతో నేమి పని?

మొన్న మేము తేలినీలాపురము పోయినప్పుడు, కొంగలు ఒక్కపెట్టున లేచిన ఛాయాచిత్రము తీయవలెనని మిత్రుడొకడు చప్పట్లు చరువబోయెను. అరుగుమీది ముసలమ్మ చేయి యడ్డముచూపి, "బాబూ, గుడ్లమీదున్నాయి, సప్పుడు సెయ్యకండి" అనెను. గూళ్ళకు ఎగువకొమ్మపై రెండు కాకులు కాచుకొనియుండెను.