నడుస్తుండగా వచ్చిన భయం

ఏర్పేడులో మందుల అంగడి పెట్టుకున్నవాణ్ణి. భయం ఎన్ని పేర్లతో వస్తుందో నాకు తెలుసు. ఒకరికి గుండెదడ, ఒకరికి గ్యాసు, ఒకరికి రాత్రిళ్లు కన్ను మూత పడదు. ఐఐటీ పిల్లోళ్లయితే సూటిగా ‘యాంగ్జయిటీ అన్నా’ అంటారు. చీటీలో ఎక్కువగా కనిపించేది ఎస్సిటలోప్రామ్. కొందరు చీటీ రాయించుకోకముందే శ్రీకాళహస్తికి పోయి రాహుకేతు పూజ చేయించుకుని వస్తారు. నేను తప్పుబట్టను. భయపడ్డ మనిషి చేతులు కట్టుకుని కూర్చోలేడు.

నా భయానికి తేదీ ఉంది. 2017 ఏప్రిల్ 21న మా పోలీస్ స్టేషన్ ముందర, ఇసుక తవ్వకాల మీద మొరపెట్టుకోవడానికి వచ్చిన మునగలపాళెం రైతుల మీదికి లారీ దూసుకొచ్చింది. ఆ ఘడియలో నేనక్కడ లేను. సాయంత్రం చూసిందే చాలు. అప్పట్నుంచి లారీ హారన్ వింటే నా వేళ్లు వాటంతటవే నాడి మీదికి పోయేవి. రోడ్డు దాటాలంటే చెమటలు. ఈసీజీలో ఏమీ లేదన్నారు.

మా ఊరికి ధ్యానం కొత్తది కాదు. మలయాళ స్వామి 1926లో వ్యాసాశ్రమం పెట్టింది ఇక్కడే. కులం అడగకుండా, ఆడవాళ్లను కాదనకుండా సంస్కృతం, వేదాంతం చెప్పించిన మనిషి ఆయన. ‘నువ్వు మనసువి కావు, మనసుకు సాక్షివి’ అనే మాట మా నాయన వెంట పోయి చిన్నప్పుడే విన్నాను. గొప్ప మాటే. అయితే భయం పట్టినవాడు అప్పటికే సాక్షి. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, ఊపిరి ఎక్కడ ఆగింది, కడుపులో ఏం కదిలింది అని నిద్రలోనూ కాపలా కాస్తుంటాడు. వాణ్ణి కళ్లు మూసుకుని ఊపిరి గమనించమంటే కాపలా ఇంకాస్త గట్టిపడుతుంది. ధ్యానం అందరికీ మంచిదే అని ఊరికే చెప్పేవాళ్లు ఈ సంగతి ఆలోచించరు.

తిరుపతిలో నేను చూపించుకున్న కౌన్సిలర్ మేడమ్ ఆలోచించారు. “ఊపిరి జోలికి ఇప్పుడే పోవద్దండీ. కళ్లు తెరిచే ఉంచండి. పాదాలు నేలకు ఎట్లా ఆనుతున్నాయో చూడండి” అన్నారు. కొన్నాళ్లయ్యాక ఇంకో పని పెట్టారు: రోడ్డు పక్కన క్షేమమైన చోట నిలబడాలి, లారీలు పోతుంటే నాడి పట్టుకోకూడదు, భయం దానంతటది దిగేదాకా ఇంటిదారి పట్టకూడదు. ధ్యానమూ మానసిక చికిత్సా ఎట్లా కలిశాయని అడిగితే, జాన్ కబట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో బౌద్ధ ధ్యానాన్ని మతం ఊసు లేకుండా ఎనిమిది వారాల తరగతిగా మార్చిన సంగతి చెప్పారు. మందులోణ్ణి కదా, నాకు అంతకన్నా నచ్చింది 2022లో అచ్చయిన అమెరికా అధ్యయనం. ఆందోళన జబ్బున్న 276 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఎస్సిటలోప్రామ్, ఇంకో గుంపుకు ఆ తరగతి ఇచ్చారు. ఎనిమిది వారాలకు రెండు వైపులా తగ్గుదల ఇంచుమించు ఒకటే. ఇబ్బందులు మాత్రవాళ్లకే ఎక్కువ. కాకపోతే తరగతివాళ్లు రోజూ ఇంట్లో ముప్పావు గంట సాధన చెయ్యాలి. మా గిరాకీల్లో ఆ తీరిక ఎందరికుంది? ‘ధ్యానం మొదలుపెట్టినా, మాత్ర ఆపేస్తా’ అని వచ్చేవాళ్లను మాత్రం మందలించి డాక్టరు దగ్గరికే పంపుతాను. ఆ మందు ఉన్నపళంగా మానేది కాదు.

మేడమ్ పెట్టిన పని బుద్ధుడు తనకు తాను ఎప్పుడో పెట్టుకున్నదే. మజ్ఝిమ నికాయంలో నాలుగోది భయభేరవ సుత్తం. జ్ఞానోదయానికి ముందు ఆయన చతుర్దశి, అష్టమి రాత్రుళ్లు చూసుకుని, జనం జడిసే అడవి గుళ్ల దగ్గరికే పోయి ఉండేవాడట. జింక అడుగు వేసినా, నెమలి పుల్ల విరిచినా, ఆకులు గలగలమన్నా భయం ఇదేనేమో అనిపించేది. దాని కోసం ఇట్లా ఎదురుచూస్తూ కూర్చోవడం ఎందుకనుకున్నాడు. నడుస్తుండగా వస్తే అది పోయేదాకా నడిచాడు, నిలబడలేదు, కూర్చోలేదు. పడుకుని ఉండగా వస్తే పడుకునే ఉన్నాడు. ఇందులో మంత్రం లేదు, ఊపిరి బిగబట్టడం లేదు.

అయితే ఆ సుత్తంలో ఈ రాత్రుళ్ల కన్నా ముందు పెద్ద జాబితా ఒకటి ఉంది. నడత శుద్ధంగా లేనివాడు, బతుకుతెరువు శుద్ధంగా లేనివాడు, ఆశపోతు, ద్వేషి... వీళ్లు అడవికి పోతే ఆ దోషాల వల్లనే భయాన్ని పిలుచుకుంటారంటాడు. చికిత్స ఆ నడకను తీసుకుని జాబితాను వదిలేసింది. వదలడం న్యాయమే. స్టేషన్ ముందర ఉన్న ఆ రైతులు ఏ పాపం చేశారని? లారీ తెచ్చిన భయంతో వణుకుతున్న మనిషిని ‘నీ నడత చూసుకో’ అనడం కంటే క్రూరం ఇంకోటి ఉండదు. మేడమ్ నన్ను అట్లా అడిగుంటే రెండోసారి పోయేవాణ్ణి కాను.

కానీ నాకు ఇంకో రకం దడ కూడా వస్తుంది. రాత్రి షట్టర్ దించే వేళకు తెలిసినవాళ్లే వచ్చి, చీటీ లేకుండా ఆల్ప్రజొలామ్ ఒక్క స్ట్రిప్ ఇవ్వమంటారు. అది షెడ్యూల్ హెచ్1 మందు. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన లెక్క వేరే రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. ‘మనోళ్లమే కదా అన్నా’ అంటుంటే లోపల అదే దడ, అదే చెమట. పాదాల మీద ధ్యాస పెడితే ఇదీ దిగుతుంది, చూశాను. నా అనుమానం అక్కడే. దడ ఎక్కడిదని అడగకుండా దించే పద్ధతి, దిగకూడనిదాన్ని కూడా దించేస్తుంది. లారీ భయానికి మేడమ్ దారి సరిపోయింది. ఈ రెండోదానికి బుద్ధుడి జాబితా నేనే తెరుచుకోవాలి, అందులో బతుకుతెరువు దగ్గర ఆగాలి. అందుకని ఆ వేళ పాదాలను చూసుకోను. “చీటీ తెచ్చుకో అబ్బోడా” అంటాను. వాడు తిట్టుకుంటూ ఇంకో అంగడి వైపు పోతాడు. అక్కడ దొరుకుతుందో లేదో నేను అడగను.