అరగంట వెనక ఎవరున్నారు?

డిప్రెషన్ కాస్తయినా తగ్గాలంటే కనీసం ఎంత సమయం కావాలి? మానసిక ఆరోగ్య పరిశోధకులు ఇరవై ఏళ్ళకు పైగా ఈ ప్రశ్న వేసుకుంటున్నారు. డాక్టరు ఎదురుగా కూర్చునే పనిలేకుండా కంప్యూటర్లోనో ఫోన్లోనో ఎవరికి వారు చదువుకుని, అడిగిన వాటికి జవాబులు రాసుకుని, చిన్న చిన్న అభ్యాసాలు చేసుకునే స్వయం సహాయ కార్యక్రమాలు ఇప్పుడు చాలా వచ్చాయి. వాటిలో ఎన్ని పాఠాలు ఉండాలి? ఐదా, మూడా, ఒక్కటి చాలా?

చూడ్డానికి ఇది వైద్యుల లెక్కలాగే ఉంటుంది. నాకు మాత్రం ఇందులో ఒక నైతిక ప్రశ్న కనిపిస్తుంది. "ఎంత తక్కువయితే సరిపోతుంది?" అని ఈ సమాజం ఎవరి గురించి అడుగుతూ వచ్చింది? ఆడవాళ్ళ తిండి గురించి, నిద్ర గురించి, చదువు గురించి, కూలి గురించి అడుగుతూ వచ్చింది. అదే మాట ఇప్పుడు ఆడవాళ్ళ దిగులు గురించి కూడా వినపడేసరికి అనుమానం కలగడం సహజం. ఆ అనుమానం ఎంతవరకు న్యాయమైనదో తేల్చుకోవాలన్నదే ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

ముందు పరిశోధనలు ఏం చెప్తున్నాయో చూద్దాం. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో హెలెన్ క్రిస్టెన్సెన్, కాథ్లీన్ గ్రిఫిత్స్ బృందం మూడ్‌జిమ్ అనే ఇంటర్నెట్ కార్యక్రమాన్ని తయారుచేసింది. మన ఆలోచనలు మన మనఃస్థితిని ఎలా నడిపిస్తాయో గమనించడం, వాటిని సరిచూసుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ దీనికి ఆధారం. 2006లో వాళ్ళు ప్రచురించిన ఒక అధ్యయనంలో సుమారు 2,800 మందిని ఆరు భాగాలు చేసి, ఈ కార్యక్రమాన్నే పొట్టిగా కొందరికి, పొడుగ్గా కొందరికి ఇచ్చి చూశారు. డిప్రెషన్ తగ్గించడంలో పొడుగువే మెరుగ్గా పనిచేశాయి. కానీ పొట్టివాటిని మధ్యలో వదిలేసినవాళ్ళు తక్కువ. అంటే బాగా పనిచేసే మందు చివరిదాకా తాగలేరు, తాగగలిగిన మందు అంతగా పనిచెయ్యదు. ఈ చిక్కుముడి ఇప్పటికీ పూర్తిగా వీడలేదు.

2022లో జెస్సికా ష్లైడర్ బృందం అమెరికాలో ప్రచురించిన ఫలితాలు దీన్ని కొత్తగా చూపించాయి. డిప్రెషన్ లక్షణాలున్న 2,452 మంది పిల్లలు, పదమూడు నుంచి పదహారేళ్ళ వాళ్ళు, ఒక్కసారి కూర్చుని పూర్తిచేసే ఆన్‌లైన్ పాఠం చేశారు. దానికి పట్టేది దాదాపు అరగంట. తమ భావాలను పంచుకోమని ప్రోత్సహించే మామూలు పాఠం చేసినవాళ్ళతో పోలిస్తే, మార్పు సాధ్యమని చెప్పే పాఠంగానీ, ఇష్టమైన పనుల్లోకి తిరిగి అడుగుపెట్టమని చెప్పే పాఠంగానీ చేసినవాళ్ళలో మూడు నెలల తర్వాత కూడా కుంగుబాటు ఎక్కువగా తగ్గింది. ఆ తేడా చిన్నదే. అయినా అరగంటకి మూడు నెలల ఫలితమంటే కొట్టిపారేయలేం.

ఈ అధ్యయనాలు పాఠం నిడివిని నిమిషాల్లో కొలుస్తాయి. పాఠం దగ్గరికి చేరడానికి పట్టే సమయం ఆ కొలతలో ఉండదు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. దాదాపు అయిదు గంటల చాకిరీ మధ్యలోంచి తనదంటూ ఒక అరగంట బయటికి లాగాలంటే అది అరగంట పని కాదు.

ఉక్కు నగరంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనపడుతుంది. గాజువాక చుట్టుపక్కల వేల ఇళ్ళలో గడియారం కంటే స్టీల్ ప్లాంటు షిఫ్టు పెద్దది. ఆయనది సి షిఫ్టయితే ఇంట్లో పగలే రాత్రి. కుక్కర్ విజిల్ రాకూడదు, పిల్లలు అరవకూడదు, టీవీ పెట్టకూడదు. ఏ షిఫ్టయితే ఆమె తెల్లవారక ముందే లేవాలి. వారం వారం షిఫ్టు మారినప్పుడల్లా అతని నిద్ర మారుతుంది, దాన్ని కాపాడడానికి ఆమె నిద్ర కూడా మారుతుంది. షిఫ్టు అలవెన్సుల్లో ఆమె నిద్రకి లెక్క లేదు.

మా పక్క వాటాలో ఉండే ఆవిడ భర్త ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడు. కొన్ని నెలలుగా ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా, అన్నం కలిపి వదిలేసి లేచిపోతుండేది. ఒక మధ్యాహ్నం నా ఫోనులో ఉన్న ఇలాంటి పాఠం ఒకటి తెలుగులో చెప్తూ ఆవిడతో కలిసి చదివాను. మీకు ఇష్టమైన పని ఒకటి రాసుకోండి, ఈ వారంలో దానికి ఒక అరగంట కేటాయించండి అన్నది అందులో మొదటి అభ్యాసం. ఆవిడ చాలాసేపు ఊరుకుని, "నాకేటిష్టమో నన్నెవరడిగేరమ్మా, గుర్తుండడానికి?" అంది. ఇంకాసేపటికి, పెళ్ళయిన కొత్తలో శివరాత్రికి అప్పికొండ సోమేశ్వరుడి గుడికి వెళ్ళినప్పుడు సముద్రం ఒడ్డున కూర్చున్నానని, మళ్ళీ ఒక్కసారి అలా కూర్చుంటే బాగుండునని చెప్పింది. ఆ అరగంట కోసం తొమ్మిది రోజులు పట్టింది. ఆయనకి బి షిఫ్టు పడాలి, అత్తగారి మోకాళ్ళ నొప్పి తగ్గాలి, నీళ్ళు పట్టడం అయిపోవాలి, ఆటో డబ్బులు చూసుకోవాలి, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు తిరిగి రావాలి. చివరికి ఇద్దరం వెళ్ళాం. ఒడ్డున పెద్దగా మాట్లాడుకున్నది కూడా ఏమీ లేదు. మర్నాడు గుమ్మం దగ్గర ఎదురై, "రాత్రి నిద్దరట్టిందమ్మా" అంది.

ఆవిడకి నిద్ర పట్టించింది పాఠమా, సముద్రమా, పక్కన ఇంకో మనిషి కూర్చోవడమా? నేను విడదీసి చెప్పలేను. అయితే పరిశోధకులు ఈ ప్రశ్ననే పెద్ద ఎత్తున అడిగారు. ఎన్నో అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్ళ వివరాలన్నీ ఒకచోట చేర్చి ఐరిని కార్యోటాకి తదితరులు 2021లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, డిప్రెషన్ తేలికగా ఉన్నవాళ్ళకి ఒంటరిగా చేసుకునే ఇంటర్నెట్ కార్యక్రమం, మనిషి తోడుతో చేసే కార్యక్రమం దాదాపు ఒకేలా ఉపయోగపడ్డాయి. ఒక మోస్తరుగా, తీవ్రంగా ఉన్నవాళ్ళకి మనిషి తోడు ఉన్నదే ఎక్కువ మేలు చేసింది. దిగులు బరువెక్కేకొద్దీ తోడు అవసరం పెరుగుతుందన్నమాట. ఆ తోడుగా ఉండే మనిషి సమయం పాఠం నిడివిలో కలవదు.

మన రాష్ట్రంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అనే ప్రాజెక్టు నడిపారు. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి నిద్ర, ఆకలి, అలసట, ఆసక్తి వంటి కొద్ది ప్రశ్నలు అడుగుతారు. ఇబ్బందిలో ఉన్నవాళ్ళ వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ట్యాబ్‌లోకి చేరతాయి. వైద్యానికి వెళ్ళమని గుర్తుచేస్తూ వాళ్ళకి ఫోన్లో రికార్డు చేసిన సందేశాలు వస్తాయి. 2017లో ప్రచురించిన తొలి విడత ఫలితాల్లో, 30 గ్రామాల్లో ఇలా గుర్తించినవాళ్ళలో మానసిక వైద్య సేవలు అందుకున్నవాళ్ళు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. ఆంధ్ర, హర్యానా రాష్ట్రాల్లో 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో తర్వాత జరిగిన పెద్ద అధ్యయనం 2024లో వెలువడింది. ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్ళలో డిప్రెషన్ తగ్గిందని అది చూపింది.

ఇక్కడ కూడా ప్రశ్నలు కొద్దివే, సందేశాలు పొట్టివే. అవి పనిచేయడానికి మాత్రం ఎండలో గుమ్మం గుమ్మం తిరిగిన ఒక ఆడమనిషి ఉంది. ఏ ఇంట్లో కోడలు మాట్లాడడం మానేసిందో ఆమెకు ముందే తెలుసు. అత్తగారు నీళ్ళకి వెళ్ళిన సమయం చూసి ప్రశ్న అడగాలనీ తెలుసు. ఆ తెలివి ట్యాబ్‌లో లేదు. దాన్ని సంపాదించుకున్న మనిషిని మన వ్యవస్థ ఉద్యోగి అని ఒప్పుకోదు, స్వచ్ఛంద కార్యకర్త అంటుంది. జీతం అనకుండా గౌరవ వేతనం అంటుంది. క్లుప్తమైన వైద్యం చవకగా ఉందని మనం మెచ్చుకుంటున్నామంటే, దాని అసలు ఖర్చు ఇంకో స్త్రీ తన ఒంటితో భరిస్తోందని అర్థం.

సాహిత్యం చదివేవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. పి.సత్యవతి 'ఇల్లలకగానే' కథ మనందరికీ తెలుసు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు, ఆ పేరు వెతుక్కుంటూ వెళ్ళి పాత స్నేహితురాలి నోట దాన్ని వింటుంది. శారద అన్న ఒక్క పిలుపు. అంతకంటే క్లుప్తమైన చికిత్స ఉంటుందా? కానీ ఆ పిలుపు పట్టుకునే బలం ఎక్కడిది? ఆమె చదువు, పాట, బొమ్మలు అన్నీ గుర్తుపెట్టుకున్న స్నేహానిది. పేరు తెలియని యంత్రం ఎంత మృదువుగా పిలిచినా ఆమె వెనక్కి తిరిగి ఉండేది కాదు.

ఇంతవరకు చదివాక, మరి ఈ కార్యక్రమాలను తిరస్కరించవచ్చు కదా అని కొందరు మిత్రులు అంటారు. వాళ్ళ వాదనలో బలముంది. దిగులుకి కారణం ఇంట్లో, వీధిలో, ప్లాంటు గేటు దగ్గర ఉంటే, నీ ఆలోచనను సరిచూసుకో అని ఆమెకి చెప్పడం ఏం న్యాయం? 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం విశాఖ ఉక్కులో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాక కూడా కాంట్రాక్టు కార్మికుల తొలగింపుల మాట గాజువాకలో వినపడుతూనే వచ్చింది. "రేపు ఆయన పని ఉంటుందో ఉండదో" అన్నది ఇక్కడ వక్రించిన ఆలోచన కాదు, వాస్తవం. దాన్ని ఆలోచనలోని లోపంగా చూపే పాఠం అబద్ధం చెప్తున్నట్టే.

అయినా నేను తిరస్కరించలేను. పిహెచ్.డి. అయ్యాక ఒక కళాశాలలో గెస్ట్ ఫ్యాకల్టీగా చేసి, ఆ ఏడాది ఒప్పందం కొనసాగించక ఇంట్లో కూర్చున్నప్పుడు, పొద్దున్న లేవడమే పెద్ద పనైపోయిన రోజులు నాకున్నాయి. అప్పుడు ఇలాంటి కార్యక్రమమే ఒకటి నన్ను రోజుకో చిన్న పని చెయ్యమంది. దానివల్ల ఉద్యోగం రాలేదు, విశ్వవిద్యాలయాల నియామకాల తీరూ మారలేదు. కానీ దరఖాస్తు నింపడానికి కావలసిన ఓపిక వచ్చింది. అన్యాయాన్ని ఎదిరించాలన్నా ముందు మంచం దిగాలి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2021లో దేశంలో 45,026 మంది స్త్రీలు ఆత్మహత్య చేసుకుంటే, వాళ్ళలో 23,178 మంది గృహిణులు. పితృస్వామ్యం కూలేదాకా ఆగమని వీళ్ళకి చెప్పే హక్కు మనలో ఎవరికీ లేదు. చిన్న ఉపశమనాన్ని చులకన చెయ్యడం కూడా, కాస్త ఊపిరి పీల్చుకునే వెసులుబాటు ఉన్నవాళ్ళ మాటే.

కాబట్టి క్లుప్తతను నిడివితో తూచలేం. పాఠం ఎవరి సమయం చూసి పొట్టిదైందో చూడాలి. ఆమెకి రోజులో దొరికేది అరగంటే గనక ఆ అరగంటలో పట్టేలా పాఠం తయారుచేశామంటే, అది ఆమె బతుకును గౌరవించడం. ఆమె కోసం ఖర్చుపెట్టడానికి ప్రభుత్వానికో యాజమాన్యానికో ఇష్టమున్నది అరగంటే కాబట్టి పాఠం పొట్టిదయిందంటే, అది ఆమెను వదిలించుకోవడం. రెండు పాఠాల్లోనూ మాటలు ఒకటే కావచ్చు. తేడా తెలిసేది పాఠం అయిపోయాక. ఇంకా బాగాలేదు అని ఆమె అన్నప్పుడు ఎత్తే ఫోను ఉందా, వెళ్ళడానికి ఆస్పత్రి ఉందా, వెంట నడిచే మనిషి ఉందా?

2017 మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం ఈ సేవలు పొందడం ప్రతి వ్యక్తి హక్కు అంది. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్, 14416 నంబరుకి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడే సదుపాయం కల్పించింది. విశాఖలో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కానీ గాజువాక నుంచి అక్కడికి వెళ్ళడమంటే రెండు బస్సుల ప్రయాణం ఒక్కటే కాదు, "పిచ్చాసుపత్రికెళ్ళింది" అన్న మాట కూడా మొయ్యాలి. అరగంట పాఠం ఈ దూరాన్ని తగ్గించే మెట్టుగా ఉంటే అది మనకి కావాలి. ఇక ఆస్పత్రి అక్కర్లేదు, పాఠం ఉందిగా అనే సాకుగా ఉంటే దాన్ని అడ్డుకోవాలి.

డిప్రెషన్ గురించి రాసేటప్పుడు మనం బాధపడే స్త్రీ గొంతు వినిపించడానికి చాలా కృషి చేశాం. ఆమె పక్కన కూర్చునే స్త్రీ గురించి తక్కువ రాశాం. ఆశా కార్యకర్త, పక్కింటావిడ, చిన్ననాటి స్నేహితురాలు, ఫోన్లో రాత్రి డ్యూటీ చేసే కౌన్సెలర్, వీళ్ళ సమయానికి విలువ కట్టమని అడగడం కూడా మానసిక ఆరోగ్య ఉద్యమంలో భాగమే. ఆశా కార్యకర్తకి ఉద్యోగి హోదా, జీతం ఇమ్మన్న డిమాండును ఇప్పటిదాకా కార్మిక సంఘాల అజెండాగానే చూస్తూ వచ్చాం. దాన్ని మన పత్రికల్లోకి, మన సెమినార్లలోకి తెచ్చుకోవాలి.