దూతకు రక్ష, అధికారికి పరీక్ష

రాజుల కాలము గతించినది గాని రాజమర్యాదలపై మోజు గతింపలేదు. విమానాశ్రయమున సామాన్య ప్రయాణికులు నడుముపట్టి విప్పి, చేతులు చాచి, తమ వంతుకై నిలిచియుండగా, కొందరు పెద్దలు పరీక్ష లేకయే ప్రక్కదారిని సాగిపోవుదురు. ఇది న్యాయమా యని యడిగినచో రెండు సమాధానములు వినవచ్చును. పెద్దలను తడవుట అవమానమని కొందరందురు. ప్రజాప్రభుత్వమున పెద్ద యేమి, చిన్న యేమి యని మరికొందరందురు. రెండును తొందరపాటు మాటలే యని మా యభిప్రాయము. రక్ష యెవరికి, ఎందులకు, ఎంతవరకు అను మూడు ప్రశ్నలను విచారింపక ఈ విషయమున తీర్పు చెప్పరాదు.

దూతకు హాని చేయరాదను నీతి మనకు క్రొత్తది కాదు. లంకలో ఆంజనేయుని వధింపుమని రావణుడు ఆజ్ఞాపింపగా, విభీషణుడు అడ్డుపడి దూతవధ ధర్మవిరుద్ధమని వాదించెను. దూత పలుకునది పరుని వాక్యమే గాని తనది కాదని కౌటిల్యుడును చెప్పియున్నాడు. ఇందొక సూక్ష్మము కలదు. విభీషణుడు ఆంజనేయుని గొప్పతనమును బట్టి వాదింపలేదు. ఆయన వచ్చిన కార్యమును బట్టి వాదించెను. మంచివాడైనను చెడ్డవాడైనను దూత దూతయే. అనగా రక్ష మనుష్యునికి గాక, అతడు మోయు సందేశమునకు చెందినదన్నమాట.

నవీన ప్రపంచమును ఈ యర్థమునే గ్రహించినది. 1708వ సంవత్సరమున లండనులో రష్యా రాయబారిని అప్పుల నిమిత్తము వీథిలో నిర్బంధింపగా పెద్ద కలవరము చెలరేగెను. దాని ఫలితముగా ఆంగ్ల పార్లమెంటు రాయబారుల రక్షణకై ప్రత్యేక శాసనము చేసెను. 1961లో వియన్నా నగరమున కుదిరిన ఒడంబడిక నేడు దేశములన్నిటికిని ఆధారము. మన దేశము దానికి 1972లో చట్టరూపము నిచ్చినది. ఈ హక్కులు వ్యక్తుల లాభమునకు గాక, రాయబార కార్యము చక్కగా జరుగుటకే యని ఆ ఒడంబడిక పీఠికయందే వ్రాయబడియున్నది. దూతను నిర్బంధింపరాదు, రాయబార సంచిని తెరువరాదు. కాని దూత తానున్న దేశపు చట్టములను మన్నింపవలయును. అతడు హద్దుమీరినచో ఆ దేశము కారణము చెప్పకయే అతనిని పొమ్మనవచ్చును. అతని రక్షను తొలగించు అధికారము పంపిన ప్రభుత్వముది. దూత తనంతట తాను దానిని వదలుకొనజాలడు. అది అతని సొత్తు కాదు గదా!

ఈ రక్షకు లోకము చెల్లించు మూల్యము స్వల్పము కాదు. 1984 ఏప్రిలులో లండను నందలి లిబియా రాయబార భవనము నుండి వెలువడిన తుపాకిగుండ్లకు ఒక పోలీసు యువతి మరణించినది. లోపలివారు దౌత్యరక్ష చాటున స్వదేశము చేరుకొనిరి. ఆ యేడే జూలైలో స్టాన్‌స్టెడ్ విమానాశ్రయమున రెండు కొయ్యపెట్టెలు నైజీరియాకు పోవ సిద్ధముగా నుండెను. వానికి రాయబార సంచికి ఉండవలసిన ముద్రలు సరిగా లేకుండుటచే అధికారులు తెరచి చూచిరి. ఒకదానిలో నైజీరియా మాజీమంత్రి మత్తుమందు ప్రభావమున స్మృతి తప్పి పడియుండెను. ముద్రలు సక్రమముగా నుండినచో ఆయన గతి యేమగునో చదువరులే యూహింతురుగాక! అయినను లోకము ఈ నియమమును విడువలేదు. విడిచిననాడు ఏమగునో టెహరానులో 1979 నవంబరున చూచితిమి. అచట పట్టుబడిన అమెరికా రాయబార సిబ్బందిలో 52 మంది 444 దినములు బందీలై యుండిరి. పరరాజ్యమున ఒంటరిగా నుండు మనుష్యునికి ఈ రక్ష తప్ప వేరు దిక్కు లేదు.

ఇక విమానాశ్రయము మాట. 1985 జూను 23న కనిష్క విమానము సముద్రముపై ప్రేలి 329 మంది మరణించిరి. ఆ ప్రేలుడు పదార్థము ఒక పెట్టెలో నుండెను. పెట్టె గలవాడు మాత్రము విమానము నెక్కలేదు. 1999 డిసెంబరున మరియొక విమానము అపహరింపబడిన పిమ్మట, 2000వ సంవత్సరము మొదలు మన విమానాశ్రయముల కాపుదల కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమునకు క్రమముగా అప్పగింపబడినది. ఈ పరీక్ష మనుష్యుని శీలమును గూర్చి వేయు ప్రశ్న కాదు. అతని వెంట వచ్చు వస్తువును గూర్చి వేయు ప్రశ్న. సత్పురుషుని పెట్టెలో అతని యెరుక లేకయే సేవకుడో మిత్రుడో ఏదేని ఉంచవచ్చును. కావున "నేను దొంగనా?" అను కోపము ఇచట అస్థానము. యజమాని సద్గుణము పెట్టెకు సాక్ష్యము చెప్పజాలదు.

మన దేశమున పరీక్ష లేకుండ పోదగినవారి పట్టిక యొకటి కలదు. రాష్ట్రపతి, ప్రధానమంత్రి, ప్రధాన న్యాయమూర్తి, గవర్నరులు, ముఖ్యమంత్రులు మొదలగువారితోపాటు పరదేశ రాయబారులును అందున్నారు. రాయబారుల మాట వేరు. పరప్రభుత్వము పరీక్ష నెపమున వారి కాగితములను చూడవచ్చునను భయమునకు తావు కలదు. అహోరాత్రములు కావలివారి నడుమ మెలగు ఒకరిద్దరి మాటయు వేరు. కాని స్వదేశమున, తన ప్రభుత్వమే నియమించిన భటుని యెదుట, మంత్రికి భయమేమి? అతని కార్యమునకు కలుగు విఘ్నమేమి? వెదకిచూడగా గౌరవము తప్ప వేరు కారణము కానరాదు. 2016లో నాటి కేంద్ర పౌరవిమానయాన మంత్రి, మన తెలుగువాడే, ఒక సభలో దాపరికము లేకుండ ఒక మాట చెప్పెను. పూర్వము తన సిగరెట్టు లైటరును భటులు తీసికొనెడివారట. మంత్రియైన పిదప తన్నెవరును తడవరు గనుక అగ్గిపెట్టె వెంట నుంచుకొనుచున్నాడట. సభ నవ్వి యుండవచ్చును. కాని ఏ శాఖ నియమమో ఆ శాఖాధిపతికే అది అంటదనుట నవ్వి ఊరకుండదగినది కాదు.

అవమానము మాటకు వత్తము. 2009 ఏప్రిలులో ఢిల్లీ విమానాశ్రయమున ఒక పరదేశ విమానసంస్థ సిబ్బంది మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారిని తడవి పరీక్షించిరి. దేశము మండిపడెను, సంస్థ క్షమాపణ కోరెను. ఆ మహాశయుడు మాత్రము ఫిర్యాదు చేయలేదు. 2010 డిసెంబరున అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు జాక్సను విమానాశ్రయమున మన రాయబారి మీరా శంకరుగారిని, చీర ధరించియుండగా, వేరుపరచి తడవి చూచిరి. మన ప్రభుత్వము నిరసన తెలిపెను, తెలుపుటయు సమంజసమే. కాని బిడ్డలను చూడబోవు మన తెలుగు తల్లులు ఎందరో చీరతోనే అట్టి వరుసలలో నిలుచుచున్నారు. వారిని గడుసుగా తాకినప్పుడు నిరసన తెలుపు మంత్రి యెవడు? రాయబారికి అవమానమైనది ఆమెకును అవమానమే. ఆమెకు కానిది రాయబారికిని కాదు.

2013 డిసెంబరున న్యూయార్కులో మన ఉపకాన్సలు జనరలును నిర్బంధించి, వస్త్రములు తీయించి సోదా చేసిరి. మన ప్రభుత్వము ఆగ్రహించి, ఇచటి అమెరికా అధికారుల విమానాశ్రయ ప్రవేశపత్రములను ఉపసంహరించుకొనెను. ఆ సోదా క్రూరమే. కాని పనిమనిషి వేతనమును గూర్చి వీసా పత్రములలో అసత్యము చెప్పిరనునది అందలి ఆరోపణ. అధికారిణి దానిని నిరాకరించిరి. ఆ కోలాహలమున పనిమనిషి గోడు విన్నవారు మన దేశమున మిక్కిలి తక్కువ. దౌత్యరక్షను గూర్చి తలచునప్పుడెల్ల, దాని నీడ యెవరిపై పడుచున్నదో కూడ చూడవలయును.

కావున మేము చెప్పునదిది. దూతరక్షను దూతకార్యమున్నంతవరకు కాపాడుడు. అంతకు మించి ఒక్క అడుగైనను పోనీయకుడు. స్వదేశపు అధికారి అందరితోపాటు వరుసలో నిలువవలయును. అతనికి కోరదగిన మర్యాదను ప్రతి ప్రయాణికునికిని చేయవలయును: స్త్రీని స్త్రీయే పరీక్షించుట, అవసరమైన చాటు కల్పించుట, తలపాగా మీద చేయి వేయకముందు నోటితో అడుగుట. అధికారి తాను నిలిచిననాడే వరుసలోని బాధ అతనికి తెలియును. తెలిసిననాడే దానిని దిద్దును. ప్రక్కదారి మూసినచో పెద్దదారి తప్పక బాగుపడును.

ఈ బుద్ధి ఇంటనుండియే మొదలుకావలయును. "మావాడు పెద్ద ఉద్యోగి, మాకు వరుస అక్కరలేదు" అని బిడ్డల యెదుట గర్వముగా పలుకు తల్లిదండ్రులు, పదవి యనగా పనికొరకిచ్చిన అప్పు గాక సొంత ఆస్తియని వారికి నేర్పుచున్నారు. అట్లు నేర్చిన బిడ్డయే రేపు ఆ పట్టికలో తన పేరు చేర్చుమని కోరును.