తలుపు ఏ పక్కన ఉంది?

బి.కాం. చదివిన వాళ్ళందరికీ ఒక గుర్రం గుర్తుండే ఉంటుంది. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలో మోసం అంటే ఏమిటో చెప్పే 17వ సెక్షను కింద ఉదాహరణగా ఆ గుర్రాన్ని కట్టేశారు. ఒకడు గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. దానికి లోపం ఉందని వాడికి తెలుసు. కొనేవాడికి ఏమీ చెప్పడు. ఇది మోసం కాదంటుంది చట్టం. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే మాత్రం చెప్పి తీరాలి. మరో సందర్భం ఇంకా సూక్ష్మమైనది. నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటానని కొనేవాడు అన్నాక అమ్మేవాడు నోరు మెదపకపోతే, ఆ మౌనమే మాట కింద లెక్క.

ధర్మరాజు యుద్ధభూమిలో ఏనుగు మాటను గొణిగిన సంగతి చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన వాళ్ళం కాబట్టి మనకు ఇందులో కొత్తేమీ కనిపించదు. నేనూ దీన్ని పరీక్ష కోసమే బట్టీ పట్టాను. బ్యాంకులో చేరి పాత వ్యాన్ల మీద, టెంపోల మీద అప్పుల దరఖాస్తులు చూడటం మొదలయ్యాక ఆ గుర్రం మళ్ళీ నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది. బేతమంగళ, బంగారుపేట చుట్టుపక్కల పాత బండి కొనేది సరదాకు కాదు. టొమాటో బుట్టలు, పాల క్యాన్లు, స్కూలు పిల్లలు అందులో ఎక్కాలి. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాక, చేతికొచ్చిన డబ్బుతో పాత బండి కొని బతుకు వెదుక్కున్న వాళ్ళూ మనకు తెలుసు. ఇన్నేళ్ళుగా ఆ కాగితాలు చూస్తూ నాకు తట్టింది ఒక్కటే. చట్టంలోని గుర్రం కథలో ఉన్నది ఇద్దరే మనుషులు. కొన్నవాడే ఎక్కుతాడు, పడితే వాడే పడతాడు. బండి అలాంటిది కాదు.

ఈ సంగతి నాకు బాగా విడమరిచి చెప్పింది షార్జాలో చాలా ఏళ్ళు మెకానిక్కుగా పనిచేసి తిరిగొచ్చిన మా ఊరి మనిషి. వాళ్ళ షెడ్డులో పని ఒక్కటే: జపాను నుంచి వచ్చిన పాత బళ్ళకు కుడిపక్కనున్న స్టీరింగును ఎడమపక్కకు మార్చడం. జపానులో మనలాగే రోడ్డుకు ఎడమ వైపు నడుపుతారు. అక్కడ కొత్త కారుకు మూడేళ్ళకు, ఆ తరువాత రెండేళ్ళకొకసారి తప్పనిసరి తనిఖీ ఉంది. దాని ఖర్చు భరించలేక ఇంకా బాగా నడిచే బళ్ళను కూడా చవకగా వదిలించుకుంటారు. కొనేవాళ్ళలో చాలామందిది కుడివైపు నడిపే దేశం. బండి చవకే, స్టీరింగే తప్పు పక్కన ఉంది. అక్కడ పుట్టిందే ఈ వృత్తి.

డ్యాష్‌బోర్డు విప్పి కోయాలి. ఇంజనుకూ డ్రైవరుకూ మధ్యనున్న రేకుకు కొత్త రంధ్రాలు తొలిచి పాతవి మూయాలి. పెడల్సు, వైర్లు, వైపర్లు అన్నీ ఇటు నుంచి అటు రావాలి. మంచి పనివాడు సరైన స్టీరింగు సామాను తెచ్చి బిగిస్తాడు. తొందర పనివాడు బ్రేకు సిలిండరును పాత చోటనే ఉంచి, అడ్డంగా ఒక కడ్డీ వేసి కొత్త పెడలుకు తగిలిస్తాడు. పైన ప్లాస్టిక్ మూత బిగించాక రెండు పనులూ ఒక్కలాగే కనిపిస్తాయి. హెడ్‌లైట్ల సంగతి చాలామంది పట్టించుకోరట. ఎడమ వైపు నడిపే దేశపు లైటు డిమ్ములో ఎడమ అంచు వైపు కాస్త పైకి కొడుతుంది. కుడివైపు నడిపే చోట అదే వెలుగు ఎదురొచ్చేవాడి కళ్ళలో పడుతుంది.

"మరి వ్యాను తలుపు సంగతేమిటప్పా?" అని అడిగాను.

"స్టీరింగయితే మారుస్తాము సార్, తలుపు ఎట్ల మార్చేది? దానికి బాడీనే వేరే కావల్ల" అన్నాడు.

జపాను వ్యానుకు పక్కకు జరిగే తలుపు ఎడమ వైపు ఉంటుంది, దిగేవాడు రోడ్డు అంచున దిగాలని. కుడివైపు నడిపే దేశంలో అదే తలుపు రోడ్డు నడిమధ్యకు తెరుచుకుంటుంది. డ్రైవరు కోసం బండి అంతా కోసి కుట్టారు. వెనక కూర్చున్నవాడి కోసం ఏమీ చేయలేదు.

ఈ బేరంలో మోసం ఎక్కడుందో వెదకండి. దొరకదు. మార్చిన బండి అని అమ్మేవాడు చెప్పాడు. కొనేవాడు కళ్ళారా చూశాడు. అందుకే ధర తగ్గింది. మన కాంట్రాక్టు చట్టంతో కొలిచినా, చూసుకుని కొనే బాధ్యతను కొనేవాడి మీదనే పెట్టిన 1930 నాటి వస్తు విక్రయ చట్టంతో కొలిచినా వంక పెట్టడానికి లేదు. కానీ తగ్గిన ధర కొన్నవాడి జేబులో మిగిలింది, తగ్గిన భద్రత మాత్రం వ్యాను దిగే స్కూలు పిల్ల వంతుకు పోయింది. బేరం జరిగినప్పుడు ఆ పిల్ల అక్కడ లేదు. ఇద్దరు నిజాయితీపరులు చేతులు కలిపి మూడో మనిషి సొత్తును పంచుకోవచ్చునన్నమాట. అమ్మేవాడు నిజం చెప్పాడా లేదా అన్న దగ్గరే మనం ఆగిపోతే ఇది మనకు కనిపించనే కనిపించదు.

మా కామర్సు భాషలో ఈ మూడో మనిషిని ఒప్పందానికి పరాయివాడు అంటారు. ఆ పరాయితనాన్ని గట్టిగా కదిలించింది ఒక బ్రిటిష్ తీర్పు. 1928లో స్కాట్లండులోని పైస్లీ అనే ఊళ్ళో ఒకామెకు స్నేహితురాలు జింజర్ బీరు కొనిచ్చింది. సీసాలో కుళ్ళిన నత్త ఉందని కేసు. కొన్నది ఆమె కాదు కాబట్టి తయారుచేసిన వాడితో ఆమెకు ఒప్పందం లేదు. అయినా తాగబోయే మనిషిని తలచుకుని జాగ్రత్తపడటం తయారీదారు బాధ్యతేనని 1932లో ప్రభువుల సభ చెప్పింది. మన మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సును తప్పనిసరి చేసిందంటే దానికీ ఆ మూడోవాడు గుర్తున్నట్టే. కాకపోతే ఆ గుర్తు దెబ్బ తగిలిన తరువాత డబ్బు లెక్కపెట్టే గుర్తు.

బండి మారకుండా రోడ్డే మారిన సందర్భాలూ ఉన్నాయి. మన తెలుగువాళ్ళు తరాల తరబడి రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ చెమటోడ్చిన రంగంలో, అంటే రంగూనులో, అదే జరిగింది. 1970 డిసెంబరు 6న బర్మా సైనిక ప్రభుత్వం దేశమంతా కుడివైపు నడపాలంది. బళ్ళ స్టీరింగులు కుడిపక్కనే, బస్సుల తలుపులు ఎడమపక్కనే ఉండిపోయాయి. ఆ తరువాత కూడా దశాబ్దాల పాటు అలాంటి బస్సులే తిరిగాయి, జనం రోడ్డు మధ్యలోకి దిగారు. అంతకు మూడేళ్ళ ముందు, 1967 సెప్టెంబరు 3న, స్వీడన్ కూడా ఎడమ నుంచి కుడికి మారింది. వాళ్ళు వేల బస్సులకు రెండో పక్క తలుపులు పెట్టించి, కొన్ని కొత్తవి కొని, తరువాతే మారారు. డబ్బున్న దేశం కాబట్టి చేయగలిగింది అనవచ్చు. డబ్బు ఒక్కటే కారణమని నాకు అనిపించదు. తలుపు గురించి ఎవరో ఒకరు ముందుగా అడిగి ఉండాలి.

ఫిలిప్పీన్సు 1998లో చట్టం చేసి కుడిపక్క స్టీరింగు బళ్ళ దిగుమతినీ రిజిస్ట్రేషనునూ నిషేధించింది. స్టీరింగు మార్చి అమ్మే వ్యాపారం మాత్రం సాగింది. 2002లో పాత బళ్ళ దిగుమతినే చాలావరకు ఆపారు. అక్కడ దావో నగరంలో మన తెలుగు పిల్లలు ఎందరో వైద్యవిద్య చదువుతున్నారు కాబట్టి ఇది మనకు మరీ దూరపు కథేమీ కాదు. మన దేశంలో విదేశీ పాత కారు దిగుమతి కావాలంటే స్టీరింగు కుడిపక్కనే ఉండాలి, వయసు మూడేళ్ళు దాటకూడదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. అయినా వ్యానులో అదనపు బల్ల వేయించి పన్నెండు మంది పిల్లల చోట ఇరవై మందిని కూర్చోబెట్టడం మనం చూడనిదా?

బీదవాడు చవక బండి కొనకుంటే ఎలా బతుకుతాడన్న ప్రశ్న న్యాయమైనదే. దాన్ని తోసేసి నీతులు చెప్పడం బ్యాంకు కుర్చీలో కూర్చున్నవాడికి సులభం. దానికి జవాబు కూడా ఆ ఫిలిప్పీన్సులోనే ఉంది. జపాను చిన్న ట్రక్కులను మార్చి మల్టీక్యాబు అని ప్రయాణికుల బండిగా నడుపుతారు. ఎక్కేదీ దిగేదీ వెనక నుంచి. పక్క తలుపు గొడవే లేదు. అదీ బీదవాడి బండే, చవక బండే.

మా మెకానిక్కును ఇంకొకటి కూడా అడిగాను. అన్నేళ్ళలో కొనేవాళ్ళెవరైనా తలుపు మాట ఎత్తారా అని. చాలాసేపు ఆలోచించాడు. ఒకాయన ఎత్తినాడన్నాడు. ఏ దేశమో గుర్తులేదట. స్కూలు బండికని కొన్నాడట. ఎడమ తలుపు తెరుచుకోకుండా బోల్టు వేయించి, వెనక తలుపుకు ఇనుప మెట్టు అతికించుకుని పోయాడట. ఆ మెట్టుకు ఎంత తీసుకున్నారని అడిగితే, "దానికేముండాది సార్, తుక్కు ఇనుమే కదా" అన్నాడు.