రాత్రివేళ గురుగులు విత్తువాడు

(ధ్యాన భాగము: మత్తయి 13:24–30)



ప్రభువు చెప్పిన ఉపమానములో గోధుమ పొలమున గురుగులు విత్తిన శత్రువు ఒక్క గింజయైనను తన యింటికి తీసికొని పోలేదు. జనులు నిద్రించుచుండగా వచ్చి, విత్తి, వెళ్లిపోయెను. వానికి కలిగిన లాభమేమి? కంప్యూటర్ వైరస్‌లు వ్రాయువారిని గూర్చి వినినప్పుడు మనకును ఈ ప్రశ్నయే కలుగును.

ఈ వైరస్ రోగక్రిమి కాదు. మనుష్యుడు తెలిసి వ్రాసిన ఆజ్ఞల వరుస. అది ఒక యంత్రములో చొరబడి, తన నకళ్లను తానే చేసికొని, మరియొక యంత్రమునకు ప్రాకును. 2017 మే 12న బయలుదేరిన వాన్నాక్రై కొద్ది దినములలోనే సుమారు 150 దేశములకు వ్యాపించెను. యంత్రములలోని దస్త్రములకు తాళము వేసి, విడిపించుటకు 300 డాలర్లు అడిగెను. మన రాష్ట్రములో చిత్తూరు, గుంటూరు, కృష్ణా మొదలగు జిల్లాలలోని కొన్ని పోలీసు కార్యాలయములకును అది సోకెను. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చెను.

వ్రాయువారి ఉద్దేశములు ఒకే రీతిగా ఉండవు. 1988 నవంబరులో అమెరికాలో రాబర్ట్ మోరిస్ అను విద్యార్థి విడిచిన కార్యక్రమము వేలకొలది యంత్రములను స్తంభింపజేసెను. నష్టపరచుట తన ఉద్దేశము కాదని వాదించినను న్యాయస్థానము అతనిని దోషిగా తీర్చెను. 2000 మే నెలలో ప్రేమలేఖ రూపమున లోకమంతట తిరిగిన వైరస్‌ను వ్రాసినవాడు మనీలా వాసియైన ఒనెల్ డి గుజ్మన్. ఇంటర్నెట్‌కు రుసుము కట్టలేక ఇతరుల రహస్యపదములను దొంగిలింపగోరితినని అతడు తరువాత ఒప్పుకొనెను. ఆనాడు ఫిలిప్పీన్సులో తగిన చట్టము లేనందున శిక్ష పడలేదు.

ఒకడు తెలివి చూపుటకు, ఒకడు లేమివలన, ఒకడు ధనాశచేత వ్రాయును. హృదయమును తూచు దేవుని త్రాసులో ఈ భేదములు లెక్కకు వచ్చును. అయితే వైద్యము దొరకక తిరిగి వెళ్లిన రోగికి ఆ భేదము ఏమి ఓదార్పు? చట్టము లేనిచోట శిక్ష తప్పవచ్చును గాని దోషము తప్పదు. పొరుగువానికి కీడుచేసి, వేళాకోళమునకే చేసితినని తప్పించుకొనువానిని సామెతల గ్రంథము 26వ అధ్యాయము కొరవులు రువ్వు వెఱ్ఱివానితో పోల్చుచున్నది.

మన తీరమున పగవాని రొయ్యల చెరువులో రాత్రివేళ మందు కలుపువానికి కనీసము ఆ యింటివారి ముఖములు తెలియును. వైరస్ వ్రాయువాడు తాను కొట్టిన పొరుగువానిని ఎన్నడును చూడడు. చూడనందున పొరుగువాడే లేడనుకొనును. ఈ పాపమునకు వేరు అదియే.

అయినను నిరీక్షణ లేకపోలేదు. వాన్నాక్రైని నిలుపు మార్గము కనుగొన్నవాడు మార్కస్ హచిన్స్ అను ఇంగ్లండు యువకుడు. అంతకుముందు బ్యాంకు ఖాతాలు దోచు కార్యక్రమమును వ్రాసినవాడును అతడే. 2019లో అమెరికా న్యాయస్థానములో నేరము ఒప్పుకొనగా, న్యాయాధిపతి అతడు చేసిన మేలును లెక్కించి అదనపు చెర విధింపలేదు. చేయి ఒకటే, నడిచిన త్రోవ మారెను.

మన పిల్లలు కంప్యూటర్ విద్య నేర్చుచున్నారు, సంతోషము. దానితోకూడ, “నేను చేయు పని ఎవరికి తగులును?” అని తమ్మును తాము అడుగుకొనుటయు వారికి నేర్పుడి. పెండ్లి పత్రికయనియో, ప్రభుత్వ సహాయమనియో ఫోనునకు వచ్చు తెలియని ఫైలును మనము తెరువకుందము, ఇతరులకు పంపకుందము. విత్తువాని చేతిని మనము ఆపలేకపోవచ్చును. ఆ గింజలను మోసికొనిపోయి పక్క పొలములో చల్లకుండుట మన వశమే.